తొమ్మిది పిడికిళ్ల ఉప్పు

మొన్న ఆదివారం పొద్దున జాడీకి కట్టిన గుడ్డ విప్పగానే ఘాటు నేరుగా నెత్తికెక్కింది. పండుమిరపకాయలు ఉప్పుతో, చింతపండుతో కలిసి మూడు రోజులు ఊరితే వచ్చే వాసన అది. వరసగా ఏడు తుమ్ములు తుమ్మాను. ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన లేచి కిటికీ రెక్కలు బార్లా తెరిచి, "ఏటా ఇదే గొడవ. వీధిలో వాళ్లంతా మనల్ని తిట్టుకుంటాండారు" అని విసుక్కున్నాడు. విసుక్కున్న మనిషే పది రోజులాగి వేడన్నంలో ఇంత కారం, ఇంత నెయ్యి కలుపుకుని నోరెత్తకుండా తింటాడు, నాకు తెలుసు. ప్రొద్దుటూరులో మా ఇంటి పక్కన మూడడుగుల సందు ఉంది. స్కూటరు కూడా సరిగ్గా పట్టని ఆ సందులో హస్త కార్తెలో మిరపనారు నాటుతాను. పుష్యమాసం వెళ్లేసరికి కాయలు పండుతాయి. కోసి, దంచి, జాడీకెత్తుతాను. పిల్లలకు లెక్కలు చెప్పుకునే దానివి, నీకీ పిచ్చేమిటని అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు డ్రైవరు గంగన్న గురించి చెప్పాలి. ఆయన్ను చూడనివాళ్లకు చెప్పడం కష్టమే. ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. చూడ్డానికీ గొప్పగా ఉండేవాడు కాదు. పొట్టి మనిషి, తలమీద తుండుగుడ్డ, అరచేతులు మాత్రం చేటలంత.

మా ఆయనకు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, నాకు జమ్మలమడుగు హైస్కూలుకు బదిలీ అయిన ఏడు మేము గంగన్న ఇంట్లో అద్దెకు దిగాం. ఒకే మిద్దె కింద రెండు భాగాలు. ఒక దాంట్లో ఆయన ఒక్కడే ఉండేవాడు, రెండోది మాది. వెనక ఆరు సెంట్ల పెరడు. ఆయన భార్య నాగమ్మ పోయి అప్పటికి రెండున్నరేళ్లు. దిగిన కొత్తలో ఆయనతో నాకు పొసగలేదు. నిజం చెప్పాలంటే అప్పట్లో నాకు ఎవరితోనూ పొసిగేది కాదు. పుట్టి పెరిగిన ఊరు వదిలి వచ్చానన్న మంట ఒకటి లోపల ఉండేది, దాన్ని ఎదురొచ్చిన వాళ్లందరి మీదా చూపించేదాన్ని. నవంబరులో ఒక ఆదివారం తడిబట్టల బకెట్టు మోసుకుని మిద్దెక్కితే కాలు పెట్టడానికి చోటు లేదు. మిద్దె నిండా పాత పంచెలు పరిచి, వాటి మీద ఒరుగులు ఎండబోసి ఉన్నాయి. ఉడికించిన మటిక్కాయలు, అంటే గోరుచిక్కుళ్లు, పసుపునీళ్లలో ముంచి తీసిన వంకాయ ముక్కలు, గుండ్రంగా తరిగిన కాకరకాయలు. బట్టలారేసే తీగ సరిగ్గా వాటి నడినెత్తిన ఉంది. అద్దె కడుతున్నామా లేదా అని నాకు కోపమొచ్చింది. దుప్పట్లు పిండీ పిండకుండా ఆ తీగ మీదే ఆరేసి దిగాను.

ఒక గంటాగి ఎందుకో గిల్టీగా అనిపించి మళ్లీ ఎక్కాను. గంగన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. తుండుగుడ్డతో ఒక్కొక్క ముక్కనూ తీసి, అటూ ఇటూ తుడిచి, పక్క పంచె మీద వేస్తున్నాడు. నన్ను చూసి కూడా ఏమీ అనలేదు. ఆయన తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలనేదాన్ని, సరిపోయేది.

"అన్నీ తుడస్తాండావా మామా?" అన్నాను.

"తడి తగిలినేది ఒక్కటి డబ్బాలో పడినా చాలు పాపా, అన్నీ చెడతాయి."

"నన్నొక మాట అనొచ్చు గదా?"

"అంటే నీళ్లు యనక్కి పోతాయా?" అన్నాడు తలెత్తకుండా. నేనూ చీరకొంగు పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఎన్ని వందల ముక్కలు తుడిచామో లెక్క లేదు. మర్నాడు నేను బడినుంచి వచ్చేసరికి మిద్దెకు రెండో పక్కన రెండు వెదురుబొంగులు పాతి, నా బట్టల కోసం కొత్త తీగ కట్టి ఉంది.

ఆ తర్వాత నెమ్మదిగా నేనే పెరట్లోకి పోవడం మొదలుపెట్టాను. ముందు ఊరికే నిలబడి చూసేదాన్ని, తర్వాత కలుపు పీకేదాన్ని. ఎండలు తగ్గి వానలు పడే రోజుల్లో మొదలయ్యే తోట అది. మిరప, వంగ, టమోటా నారు పోసి నాటేవాడు. మటికగింజలు, అనపగింజలు నేరుగా విత్తేవాడు. కాకర, సొర గోడ మీదికి పాకించేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు బస్సు తోలిన మనిషి. సాళ్లు తాడు పట్టి గీసినట్టు నేరుగా ఉండేవి. నీళ్లు పెట్టే వేళ అంటే అదే వేళ, అయిదు నిముషాలు అటూ ఇటూ కూడా కాదు. చలికాలంలో కాయలు విరగకాస్తాయి, తిన్నంత తిని మిగిలింది ఎండబెడతారు. ఎండాకాలంలో పెరట్లో గడ్డిపరక కూడా లేని రోజుల్లో ఆ ఒరుగులు నీళ్లలో నానబెట్టి పప్పులో వేస్తే, లేదా నూనెలో వేయించి రసంతో తింటే, అంతకు మించిన కూర అక్కర్లేదు. ఇదంతా నాగమ్మ పెట్టిన పద్ధతి. ఆమె బతికున్నప్పుడు తోట ఆమెది. ఆయన డ్యూటీ దిగి వచ్చి చెప్పినచోట నీళ్లు పోసేవాడు, అంతే. ఆమె పోయాక ఆమె చేసేవన్నీ ఒక్కటొక్కటిగా తనే నేర్చుకున్నాడు. మగమనిషి మిద్దె మీద కూర్చుని వంకాయలు తరుగుతుంటే వీధిలో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్ల నవ్వు ఆయన చెవిన పడనట్టే ఉండేవాడు. అన్నీ వచ్చినాయి గానీ ఒక్కటి మాత్రం ఆయనకు చేతకాలేదు.

అది నాకు జనవరిలో తెలిసింది. ఒకరోజు సాయంత్రం గంగన్న చొక్కా గుండీలన్నీ పెట్టుకుని మా గడప బయట నిలబడ్డాడు. నాతో కాదు, మా ఆయనతో పనట.

"సారూ, ఒక మాట. తప్పుగా అనుకోవద్దు. మీ ఇంటామె పిడికిలి ఒక్కపూట కావల్ల."

"మాకు దినామూ పడతానే ఉండాది మామా. ఒక్కపూట నువ్వు తీసుకో, నాకూ ఊపిరాడతాది" అన్నాడు మా ఆయన. గంగన్న నవ్వలేదు. సిగ్గుతో ఆయన ముఖం కందిపోయింది. విషయం ఏమిటంటే, నాగమ్మ బుట్టెడు పండుమిరపకాయలకు తొమ్మిది పిడికిళ్ల కల్లుప్పు వేసేది. ఆ లెక్క ఆయనకు గుర్తుంది. కానీ ఆ తొమ్మిది పిడికిళ్లూ ఆమె చేతివి. ఆమె పోయిన మరుసటేడు తన చేత్తో తొమ్మిది వేస్తే కారం నోట పెట్టుకోలేనంత ఉప్పయింది. ఆ పై ఏడు భయపడి అయిదు వేస్తే జాడీ నిండా బూజు పట్టింది. కూరగాయల గిన్నె తిరిగిస్తున్నప్పుడు నా చెయ్యి చూశాడట. "అచ్చం ఆమె చెయ్యంతే ఉండాది సారూ" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. లెక్కల టీచరు పక్కింట్లో ఉండగా పిడికిళ్లతో కొలవడమేమిటి! మర్నాడు నా వంటింటి తూకం మిషను పట్టుకుని పోయాను. ఒక్కొక్క పిడికిలీ తూచి కాగితం మీద రాశాను. ఏ రెండూ ఒక్క తూకం రాలేదు. "పరవాలేదు మామా, సగటు తీద్దాం. అది రాసి పెట్టుకుంటే నీకు ఎప్పటికీ ఎవరి చెయ్యీ అక్కర్లేదు" అన్నాను పెద్ద తెలివైనదానిలా.

"ఆమె సగటు ఎయ్యలేదు పాపా, ఉప్పేసింది" అన్నాడు గంగన్న. "పిడికిలి పట్టినంక రవ్వంతసేపు అట్లే పట్టుకొనేది. వేళ్ల సందులోది రాలిపొయ్యేదాకా ఆగి, అప్పుడేసేది. తొందరపడొద్దు." మిషను గట్టు మీద పెట్టేసి, ఆయన చెప్పినట్టే తొమ్మిది సార్లు వేశాను. ఆయన ఉప్పును చూడలేదు. నా చేతినే చూస్తూ కూర్చున్నాడు.

దంచడం మొదలైంది. పెరట్లో రాతిరోలు, ఇనుప పొన్ను వేసిన రోకలి. ఆయన దంచుతుంటే నేను చింతపండు అందిస్తూ ఉన్నాను. కాసేపటికి నేనూ దంచుతానని రోకలి లాక్కున్నాను. చేతులు మార్చి మార్చి ఒక అరగంట దంచాను. ఒళ్లంతా చెమటలు, కళ్లల్లో నీళ్లు. ఆగి, భుజం రుద్దుకుంటూ ఏదో మాటవరసకు అన్నాను: "ఎడమ చెయ్యి లాగుతాంది మామా, బుజం కాడ్నుంచి."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. లేచి నా చేతిలో రోకలి గుంజి అవతల పారేశాడు. "పా, ఆస్పత్రికి" అన్నాడు. నేను నవ్వుతూ, ఇంత దంచితే నొప్పి పుట్టదా అన్నాను. ఆయన అప్పటికే వీధిలోకి పోయి ఆటో ఆపుతున్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు. చేతులు కడుక్కోనివ్వలేదు. మోచేతులదాకా ఎర్రటి కారంతో, చెదిరిన జుట్టుతో, నేను చదువు చెప్పే పిల్లల తల్లిదండ్రులు చూస్తుండగా నన్ను ఆసుపత్రికి తీసుకుపోయి ఈసీజీ తీయించాడు. వైర్లు పెట్టే అమ్మాయి వరసగా తుమ్ముతూనే ఉంది. నాకు అవమానంతో తల కొట్టేసినట్టైంది. డాక్టరు కాగితం చూసి, నన్ను చూసి, నవ్వేశాడు. "ఏం లేదు పెద్దాయనా. కారం దంచినారంటున్నారు కదా, దానికే నొప్పి."

"మూడేండ్ల కిందట మేమూ అట్లనే అనుకొంటిమి సార్" అన్నాడు గంగన్న.

డాక్టరు నవ్వు ఆగిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మిగతాది చెప్పాడు. అదే రోలు, అదే కారం. పొద్దుటినుంచి దంచి, నాగమ్మ చెయ్యి లాగుతోందని అంది. దంచిన చెయ్యి లాగక ఏం చేస్తుందని ఇద్దరూ అనుకున్నారు. ఆయన నువ్వులనూనె గోరువెచ్చగా కాచి భుజం నుంచి వేళ్లదాకా రాశాడు. కాస్త తగ్గిందని ఆమె లేచి మిగిలింది దంచి, జాడీకెత్తి, గుడ్డ కట్టింది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ కూలిపోయింది. కర్మలనాడు పులివెందులలో ఉండే కూతురు రమాదేవి అందరిముందూ తండ్రిని నిలదీసి, "అమ్మను రోట్లో ఏసి దంచినావు గదా నాయనా" అందట. ఆ రోజు వెళ్లిన పిల్ల మళ్లీ రాలేదు, ఫోనెత్తలేదు. ప్రతి ఏడూ ఆయన బస్సులో ఒరుగుల డబ్బా పంపేవాడు. కండక్టర్లంతా తెలిసినవాళ్లే. మూత కూడా తీయని డబ్బా రెండో రోజు అదే బస్సులో తిరిగొచ్చేది. ఇరవై ఎనిమిదేళ్లు తోలిన ఆ రూటు బస్సును ఆయన మళ్లీ ఎక్కలేదు. ఇదంతా చెప్పి, నా ఈసీజీ కాగితం నాలుగు మడతలు పెట్టి, నాకివ్వకుండా తన జేబులో పెట్టుకున్నాడు.

ఇరవై రోజులాగి కారం బాగా ఊరాక, నాగమ్మ ఆఖరుసారి దంచిన జాడీ అటక మీదినుంచి దించాడు. అడుగున చెంచాడు మిగిలి ఉంది, నల్లబడింది. దాన్ని వాసన చూశాడు, మా జాడీ వాసన చూశాడు. "ఇదే" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు పొంగిపోవాలనిపించింది, ఏడవాలని కూడా అనిపించింది. రమాదేవికి పంపే ఈ కారం తిరిగి రాకూడదని అప్పుడే అనుకున్నాను. బస్సులో పంపితే కదా తిప్పి పంపేది, నేనే తీసుకుపోతానన్నాను. చిన్న జాడీ ఒకటి కడిగి, ఎండలో పెట్టి, నింపి, రెండు గుడ్డలు కట్టి ఇచ్చాడు.

పులివెందులలో రమాదేవి ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. నా కంటే నాలుగేళ్లు చిన్నది. తలుపు తీసి, నా చేతిలో జాడీ చూడగానే విషయం అర్థమైంది ఆ అమ్మాయికి. "మా నాయన పంపించినాడా? యనక్కి తీస్కపోండి" అంది.

"రెండు గంటలు ఒళ్లో పెట్టుకొని వచ్చినా. ముందు తాగేకి నీళ్లియ్యి, తర్వాత తరుముదువు" అన్నాను. లోపలికి రానిచ్చింది. నేను బుద్ధిగా మాట్లాడాలనే పోయాను గానీ నా నోరు నా మాట వినదు. "మీ నాయన నన్ను కారం చేతులతో ఆస్పత్రికి ఎత్తకపోయినాడు తెలుసా నీకు?" అని మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాను. సిగ్గుపడుతుందనే చెప్పాను. ఆ అమ్మాయి వింటూ వింటూ గోడకు జారగిలబడి నేల మీద కూర్చుంది.

"అక్కా, ఆ పొద్దు అమ్మ నాకు ఫోన్ చేసింది" అంది. "చెయ్యి లాగుతాంది పాపా, బుజం కాడ్నుంచి అనె. డ్యూటీలో ఉంటి, తొందరలో ఉంటి. దంచినావు గదమ్మా, నాయనతో నూనె రాపిచ్చుకో, తగ్గుతాది అంటి. నర్సును అక్కా నేను. దినామూ ఎంతమందికి చెప్తా, ఎడమ చెయ్యి లాగితే వెంటనే రాండని. మా అమ్మకు మాత్రం నూనె రాపిచ్చుకోమంటి."

"మరి ఆయన్ను యానికి అంటివి అంత మాట?"

"ఎవర్నో ఒకర్ని అనకుంటే నేను ఆ పొద్దే సచ్చిపోయుందును. అనేసినాక ఏ ముఖం పెట్టుకొని పోవల్ల? నూనె రాసినాడని తిడితి ఆయన్ను. రాయమన్నది నేనని ఆయనకు తెలీదు." మాట్లాడినంతసేపూ జాడీని ముట్టుకోలేదు. నేను బస్సెక్కి కూర్చున్నాక తనే జాడీ తెచ్చి నా ఒళ్లో పెట్టి, అది కింద పడకుండా నా చేతులు దాని చుట్టూ సర్ది వెళ్లిపోయింది. ఆమె చెయ్యి అప్పుడు చూశాను. చిన్న చెయ్యి, నా చెయ్యంతే ఉంది.

గంగన్న అనపసాళ్లకు నీళ్లు పెడుతున్నాడు. జాడీ చూసి మళ్లీ నీళ్ల వైపు తిరిగాడు. నేను విన్నది చెప్పే హక్కు నాకు లేదనుకుని లోపలికి పోబోయాను.

"ఫోన్ సంగతి చెప్పిందా?" అన్నాడు వెనకనుంచి.

వెనక్కి తిరిగాను.

"ఆ పొద్దు ఆమె రెండు చేతులూ కారం, పాపా. నేనే ఫోన్ పట్టుకొని ఉంటి, స్పీకరు పెట్టి. నేనుండానని పిల్లకు తెలీదు. నేనేం మాట్లాడలేదు గదా."

"తెలిసి కూడా అన్ని మాటలు పడితివా మామా? అందరిముందూ?"

"నా మీద కోపముంటే దానికి నిద్దరన్నా పడతాది. తనమీదే ఉంటే పట్టదు." మడవ తిప్పి నీళ్లు రెండో సాలులోకి వదిలాడు. "నాకు తెలుసని దానికి తెలీకూడదు. ఇదొక్కటి నాకు మాటియ్యి." ఇచ్చాను. కానీ ఆ రోజునుంచి నాకు తండ్రి మీదా కూతురి మీదా పట్టలేనంత కోపంగా ఉండేది. ఒకరికోసం ఒకరు ఎంత పద్ధతిగా విడిపోయి కూర్చున్నారో చూడండి. ఇద్దరి రహస్యాలూ దాచడానికి నా పొట్టే దొరికిందా అనుకునేదాన్ని.

ఎనిమిది నెలలు దాచాను. ఎండాకాలం ఒరుగులతో గడిచింది. మళ్లీ వానలు పడ్డాయి, మళ్లీ హస్త వచ్చింది. ఆ ఏడు మిరపనారు నాటుతూ గంగన్న సాలు మధ్యలో కూర్చుండిపోయాడు. ఊపిరి అందడం లేదు. నేను పట్టుకోబోతే, "ఏం లేదు, ఎండ" అన్నాడు. ఆకాశం మబ్బుపట్టి ఉంది. ఆస్పత్రికి పోదామంటే నన్ను పరుగెత్తించిన మనిషి తను మాత్రం కదల్లేదు. ముక్కాలిపీట మీద కూర్చుని చెబుతూ ఉంటే మిగిలిన నారంతా నేను నాటాను. చేతులు కడుక్కుని, మా వంటింట్లోకి పోయి, రమాదేవికి ఫోన్ చేశాను. "మీ నాయన అంతా ఇన్న్యాడు. ఫోన్ ఆయన చేతిలోనే ఉండె. మొదట్నుంచీ తెలుసు ఆయనకు" అని చెప్పాను. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

తండ్రికి ఫోన్ చేసి ఏమందో నాకు తెలియదు. మర్నాడు ఆయన మా గడప దగ్గరికొచ్చాడు.

"ఒక్కటే అడిగితి నిన్ను" అన్నాడు.

"అడిగినావు మామా."

"మరి?"

"ఆపలేకపోతి." తప్పు చేశానని అనలేను, మంచి పని చేశాననీ అనలేను. ఇప్పటికీ అనలేను. ఆయన తిరిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మూడు నెలలు నాతో మాట్లాడలేదు, నన్ను పెరట్లోకి పిలవలేదు. కానీ వారానికి రెండుసార్లు నేను బడికి పోయే వేళకు గడప మీద కూరగాయలు ఉండేవి. చిక్కుళ్లు, లేత వంకాయలు, ఒకసారి పొడవాటి సొరకాయ గోడకు ఆనించి. తలుపు తట్టేవాడు కాదు. వాటిలో ఒక్కటి కూడా పారేయలేదు.

జనవరిలో ఒక ఆదివారం గేటు చప్పుడైంది. రమాదేవి నిలబడి ఉంది, చేతిలో చిన్న సంచి. పెరట్లో గంగన్న బుట్ట ముందు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాడు. ఆ అమ్మాయి చేతులు కడుక్కుంది, దండెం మీది తువ్వాలుతో చుక్క తడి లేకుండా తుడుచుకుంది. తల్లి అట్లాగే చేసేదేమో, ఆయన కళ్లు ఆ చేతుల మీదినుంచి కదల్లేదు. ఉప్పు కుండ ముందు కూర్చుని పిడికిలి పట్టింది. పట్టి, రవ్వంతసేపు ఆగింది. వేళ్ల సందులోది రాలిపోయాక వేసింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు ఆగమని. గంగన్న నోట్లోనే లెక్కపెడుతున్నాడు. తొమ్మిదోది వేశాక చెయ్యి మళ్లీ కుండలో పెట్టి, "నాయనా, నువ్వు ఇన్న్యావా ఆ పొద్దు?" అంది.

"యాడ ఇంటి? ఇరవై ఎనిమిదేండ్లు ఇంజన్ పక్కన కూచ్చున్న్యా. నాకు చెవులు సరిగ్గా ఇనపడవు గదా" అన్నాడు.

రమాదేవి ఉప్పు చేత్తోనే ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆయన ఆపలేదు. ఏడుపయ్యేదాకా తొడిమలు తీస్తూనే ఉన్నాడు. తర్వాత ఆ అమ్మాయి లేచి రోకలి అందుకుంటే, "చెయ్యి లాగితే చెప్పల్ల" అన్నాడు. "చెప్తా నాయనా" అంది. గుమ్మంలో గుడ్లప్పగించి నిలబడ్డ నా వైపు తిరిగి, మూడు నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు: "నిలబడి చూస్తాండావేంది టీచరమ్మా? చింతపండులో ఈనెలు తీయి రా."

ఆ సాయంత్రమే కూతురితో పులివెందుల బస్సెక్కాడు. గుండె పరీక్షలు చేయించింది, మందులు వేయించింది. ఇంకో రెండు తోటలు వేశాడు. మూడో ఏడు ఎండాకాలంలో కూతురింట్లోనే, నిద్రలో పోయాడు. ఆయన పెట్టె సర్దుతుంటే నాలుగు మడతల నా ఈసీజీ కాగితం దొరికిందని రమాదేవి తెచ్చి ఇచ్చింది, ఆయన దాచిన మిరపగింజలతో పాటు. ఆ తర్వాత కొన్నాళ్లకు మేము ప్రొద్దుటూరు వచ్చేశాం. నా సందులో కాసేవి ఆ గింజల కాయలే. తూకం మిషను ఇంకా ఉంది గానీ దాన్ని గోధుమపిండికే వాడతాను.

మొన్న ఆదివారం జాడీ విప్పింది కారాన్ని తిరగదంచడానికి. సగం దంచేసరికి ఫోన్ మోగింది. చేతులు కారంగా ఉన్నాయి. మా ఆయన ఫోన్ పట్టుకుని స్పీకరు పెట్టాడు.

"అక్కా, తిరగదంచినావా?" అంది రమాదేవి. దంచే రోజు తెలుసుకుని, ఏటా తప్పకుండా చేస్తుంది.

"దంచుతాండా."

"చెయ్యెట్లుంది?"

బాగుందని అనబోయాను. ప్రతి ఏడూ అదే అంటాను, అది నిజమే అయ్యేది. ఈసారి పొద్దుటినుంచి భుజం దగ్గర ఏదో ఉంది. దంచిన చెయ్యి లాగక ఏం చేస్తుందని మనసులో నేనూ అనుకున్నాను, అచ్చం వాళ్లలాగే. మా ఆయన వింటున్నాడు. రోకలి గోడకు ఆనించాను.

"ఎడమది లాగుతాంది రమా, కొంచెం."

"బావా, ఇంటాండావా? ఇప్పుడే తీస్కపో" అంది.

మా ఆయన అప్పటికే స్కూటరు తాళంచెవి వెతుకుతున్నాడు. చేతులు కడుక్కోలేదు. ఆసుపత్రిలో వైర్లు పెట్టే అమ్మాయి మూడుసార్లు తుమ్మి, "ఏం పని చేస్తాంటిరి మేడమ్?" అని నవ్వింది. ఏమీ లేదన్నారు. కాగితం నాలుగు మడతలు పెట్టి బయటికొచ్చి రమాదేవికి చెప్పాను.

"సరే అక్కా" అంది. ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. "ఉప్పు తొమ్మిదేనా?"

"తొమ్మిదే" అన్నాను.